లాగర్‌ఫెల్డ్ తొలి పదేళ్ళు, ఆ పసుపు కోటు: ప్రాజెక్టుకు సాయం కావాల

బొత్తాంపెట్టె, రాయదుర్గం

అందరికీ నమస్తే. ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లొమా రెండో ఏడాది ప్రాజెక్టు ఇది. జర్మన్ డిజైనర్ ఒకర్ని తీసుకోని తొలినాళ్ళ గురించి పన్నెండు పేజీలు రాయాల. వాళ్ళ పనిలో ఒకదాన్ని సగం సైజు బొమ్మకు కుట్టి చూపించాల. కార్ల్ లాగర్‌ఫెల్డ్‌ను ఎంచుకున్నా. 1954లో ప్రైజు వచ్చిన ఉన్ని కోటే కుట్టాలని ఉంది.

పుట్టిన సంవత్సరం ఒకచోట 1933, ఇంకోచోట 1935, మరోచోట 1938 అని కనిపిస్తాంది. ఏది రాయాల? 1954లో ప్రైజు గెల్చినాడు, 1983లో షనెల్ అనే పారిస్ ఫ్యాషన్ సంస్థకు వచ్చినాడు అని అందరూ ఈ రెండు ముక్కలే చెప్తారు. నడమ ఏం చేసినట్టు?

అసలు తంటా కోటుతో. వెనక వీపు మీద వి ఆకారంలో లోతుగా కోత ఉంది గదా, కోరా గుడ్డతో ట్రయల్ కుడితే కోటు బొమ్మ భుజాల మీద నిలవడం లేదు, రెండు పక్కలకీ జారిపోతాంది. వి అంచులు వీపుకు అంటకుండా నోరు తెరుచుకుంటాండాయి. గుండుసూదులు గుచ్చితే నిలుస్తాంది గానీ అది మోసం.

ఇంకొకటి. ఫుల్ సైజు కోటుకు అరవై ఇంచీల పన్నా గుడ్డ రెండూ ముక్కాలు మీటర్లు పడుతుందంటే, సగం సైజుకు దాంట్లో సగం తెస్తే సరిపోతుందా? కళ్యాణదుర్గం పక్క కంబళ్ళు దొరుకుతాయి, ఉన్నే గదా, వాటితో కుట్టొచ్చా? మూడు వారాల టైముంది.

పాతఅద్దం, కర్నూలు

రాత పని గురించి చెప్తాను, కోటు సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు.

1933 సెప్టెంబర్ 10, హాంబర్గ్. ఇదే రాయండి. 1938 అన్నది ఆయన తన గురించి తాను చెప్పుకుంటూ వచ్చిన లెక్క. మధ్యలో 1935 అని కూడా అన్నాడు. హాంబర్గ్‌లోని బాప్తిస్మం రికార్డులో ఉన్నది 1933. 1938 వేశారంటే పోటీ గెలిచేనాటికి పదహారేళ్ళు, పారిస్‌లో ఒక పెద్ద సంస్థ బాధ్యత తీసుకునేనాటికి ఇరవై అవుతాయి. వైవాలో ఎవరైనా వేళ్ళు లెక్కపెడితే అక్కడే దొరికిపోతారు. వయసు తగ్గించి చెప్పుకునేవాడని ఒక్క వాక్యం చేర్చండి, చాలు.

తండ్రి ఒట్టో, డబ్బా పాల వ్యాపారం, గ్లూక్స్‌క్లే అనే బ్రాండు. తల్లి ఎలిజబెత్. కలిగిన ఇల్లు. కాబట్టి 'కటిక పేదరికం నుంచి' అనే అలవాటు వాక్యం ఇక్కడ పనికిరాదు. యుద్ధకాలంలో హాంబర్గ్‌కు ఉత్తరాన బాడ్ బ్రామ్‌స్టెట్ దగ్గర ఉన్నారు. 1949లో పారిస్ ఫ్యాషన్ సంస్థ డియోర్ హాంబర్గ్‌కు వచ్చి దుస్తులు ప్రదర్శించింది, తల్లితో వెళ్ళి చూశాడు. 1950ల మొదట్లో పారిస్ చేరాడు, ఇంకా ఇరవై నిండలేదు. లిసే మోంతేన్ అనే బడిలో బొమ్మలు గీయడం, చరిత్ర చదివాడు. కుట్టుపని బడి కాదు అది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మీ ప్రాజెక్టంతా దీని చుట్టూనే తిరగాలి.

1954 పోటీ పెట్టింది ఇంటర్నేషనల్ ఊల్ సెక్రటేరియట్. 1937లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా గొర్రెల పెంపకందార్లు ఉన్ని అమ్మకాల కోసం పెట్టుకున్న సంస్థ. నైలాన్ లాంటివి ముంచుకొస్తున్న రోజులు, ఉన్నికి కుర్రకారులో పేరు తేవాలని పోటీ. కోటు విభాగంలో లాగర్‌ఫెల్డ్ గెలిచాడు, గౌను విభాగంలో ఈవ్ సాఁ లోరాఁ గెలిచాడు. అప్పటికి సాఁ లోరాఁకు పద్దెనిమిది. న్యాయనిర్ణేతల్లో పారిస్ డిజైనర్ పియెర్ బల్మాఁ ఒకడు. ఇక్కడ చాలామంది పొరబడతారు: ప్రైజు వచ్చింది కాగితం మీది బొమ్మకు. కోటు కుట్టింది బల్మాఁ సంస్థ పనివాళ్ళు. 'లాగర్‌ఫెల్డ్ కుట్టిన కోటు' అని రాశారో, అది తప్పు.

ఇక మీరడిగిన నడుమ కాలం. 1955లో బల్మాఁ అతన్ని సహాయకుడిగా తీసుకున్నాడు. సుమారు మూడేళ్ళు అక్కడ గడిచాయి. కాగితం మీద గీత ఒకటి గీస్తే కుట్టుగదిలో దాని వెనక ఎంత పని ఉంటుందో తెలిసిన చోటు అదే. 1958లో జాఁ పాటూ అనే పారిస్ ఫ్యాషన్ సంస్థకు డిజైనర్‌గా వెళ్ళాడు. ఆ జూలైలో తొలి కలెక్షన్ చూపినప్పుడు పెట్టుకున్న పేరు రోలాఁ కార్ల్. పాత పత్రికల్లో 'లాగర్‌ఫెల్డ్' అని వెతికితే దొరకకపోవడానికి కారణం ఇదే. తొలి కలెక్షన్ పత్రికలవాళ్ళకు నచ్చలేదు. 1960 వసంతానికి ఆ ఏడు పారిస్‌లోకెల్లా పొట్టి లంగాలు చూపించాడు. తెలివైనవే గానీ ఇవి రెడీమేడ్ బట్టల్లా ఉన్నాయి అన్న విమర్శ వచ్చింది. ఆ మాట తిట్టులా అన్నారు, తర్వాత చూస్తే జాతకం చెప్పినట్టే అయింది.

పాటూలో ఏడాదికి రెండు కలెక్షన్లు, ఐదేళ్ళు. వ్యవస్థాపకుడు జాఁ పాటూ 1936లోనే పోయాడు. అంటే చనిపోయిన మనిషి పేరు మీద, ఆ సంస్థ తీరు చెడకుండా, ఈ ఏటి బట్ట గీయాలి. కోకో షనెల్ 1971లో చనిపోయింది, 1983లో లాగర్‌ఫెల్డ్ ఆమె సంస్థలో అడుగుపెట్టాడు. పాతికేళ్ళ ముందే ఆ పనికి చెయ్యి తిరిగింది. మీ పన్నెండు పేజీల్లో కనీసం మూడు పాటూకు ఇవ్వండి.

1963 తర్వాత ఒకే సంస్థలో ఉద్యోగం మానేసి నాలుగైదు ఫ్యాషన్ సంస్థలకు విడివిడిగా గీయడం మొదలుపెట్టాడు. రోమ్‌లో టిజియానీ, 1964 నుంచి పారిస్‌లో క్లోయే, 1965 నుంచి రోమ్‌లో ఫెండీ. క్లోయే 1952లో గాబీ అగియాఁ పెట్టిన సంస్థ, మేలురకం రెడీమేడ్. తేడా రాయదుర్గం వాళ్ళకు నేను చెప్పాలా? ఒక మనిషి కొలతకు మూడు నాలుగు ట్రయల్స్ వేసి కుట్టేది ఓత్ కుత్యూర్. మీ జీన్స్ షాపుల్లో 28, 30, 32 అని ఒక ప్యాటర్న్‌ను పెంచుతూ తగ్గిస్తూ కుట్టేది రెడీమేడ్. ఆయన మొదటిదాంట్లో పని నేర్చుకొని రెండోదానికి మారాడు. ఫెండీలో అక్కాచెల్లెళ్ళు ఐదుగురితో కలిసి బరువైన ఫర్ కోటు లోపలి లైనింగ్ తీసేసి, బొచ్చు కత్తిరించి, రంగులద్ది తేలిక చేశాడు. తిరగేసి పెట్టిన రెండు ఎఫ్‌ల గుర్తు ఆయన గీసిందే. 2019 ఫిబ్రవరి 19న చనిపోయేదాకా ఫెండీని వదల్లేదు.

వైవాకు ఒక మాట: పాటౌ, బాల్మెయిన్ అనకండి. పాటూ, బల్మాఁ.

కచ్చాకుట్టు, అనంతపురం

పైనాయన చెప్పింది నిజం, కోటు గీసింది ఒకరు, నిలబెట్టింది ఇంకొకరు. నీ బొమ్మ మీద జారిపోతాండేది ఆ రెండోవాళ్ళ పనే.

యాడ తప్పు జరుగుతాందో చెప్తా. మామూలు కోటు బరువంతా మెడ వెనక, భుజాల మీద వేలాడుతుంది. వెనక మెడ కోసేస్తే ఆ కొక్కెం పోయినట్టే. మిగిలింది రెండు భుజాల పట్టీలు, వాటిని పట్టి లోపలికి లాగేది ఏదీ లేదు. దానికి తోడు వి అంచు పడుగుకూ పేకకూ నడమ ఏటవాలుగా పోతుంది, అంటే క్రాస్. క్రాస్ సాగుతుంది. కోరా గుడ్డను కత్తిరించి రెండుసార్లు బొమ్మకు తొడిగి తీస్తేనే ఒక్కో పక్క అర సెంటీమీటరు సాగి ఉంటుంది. నోరు తెరుచుకోవడం అందుకే.

ముందు ప్యాటర్న్ సరిచెయ్. నేను సగం సైజు కొలతలే ఇస్తా. వెనక భాగంలో మెడ, భుజం కలిసే బిందువును 5 మిల్లీమీటర్లు లోపలికి జరుపు. వి ఎంత లోతైనా పోనీ, పైన వెడల్పు కాకూడదు. ముందు భాగంలో కూడా అంతే జరపాల, లేకుంటే భుజం కుట్టు రెండు ముక్కలూ కలవవు. తర్వాత వి అంచు సగంలో గుర్తు పెట్టి, అక్కణ్ణించి చంక రౌండు దాకా గీత గీయ్. వి పక్క 5 మిల్లీమీటర్లు, చంక పక్క సున్నా వచ్చేట్టు కాగితాన్ని చీలికలా మడిచి అతికించు. చంక కొలత మారదు, వి అంచు మాత్రం కుదించుకుంటుంది. మడిచిన చోట అంచు విరిగినట్టు కనిపిస్తుంది, స్కేలు పెట్టి మళ్ళా తిన్నగా గీయ్. ఈ గీత మర్చిపోయి కోస్తే వి పక్కలు గిన్నె మాదిరి వంకర వస్తాయి.

కత్తిరించినాక బట్టను ఎత్తొద్దు. బల్ల మీదే ఉంచి భుజం నుంచి వి మొన దాకా అంచుకు 5 మిల్లీమీటర్ల లోపల ఒక నిలుపు కుట్టు (అంచు సాగకుండా ఆపే కుట్టు) వెయ్యి. రెండో పక్క కూడా భుజం నుంచే కిందికి. ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి వేస్తే ఒక పక్క సాగి మొన పక్కకు తిరుగుతుంది. ఆనక సన్న కాటన్ నాడా తీసుకో. అంచు 15 సెంటీమీటర్లుంటే నాడా 14.7. ఆ 3 మిల్లీమీటర్ల తేడాను అంచు నడిమి భాగంలో పంచి చేత్తో కుట్టు. రెండు కొసల్లో పంచితే భుజం దగ్గర ముడతలు వస్తాయి.

వెనక వీపు మధ్యన నడుమ కుట్టు ఉండేట్టు రెండు ముక్కలుగా కోయ్. ఒకే ముక్కలో వి కోస్తే మొన దగ్గర కత్తెర గాటు పెట్టాల, ఉన్ని అక్కడే పోగులు విడుస్తుంది. రెండు ముక్కలైతే కుట్టును వి మొన గుర్తు దగ్గర ఆపి ముడేస్తే మొన దానంతటదే సూదిగా వస్తుంది.

ఇన్ని చేసినా ఫుల్ సైజులో జారేది జారుతుంది. దానికి లోపల నడుము పట్టీ పెడతారు. గ్రోగ్రెయిన్ అని అడ్డగీతల నేత గట్టి రిబ్బను, నడుము చుట్టుకొలతకు సరిగ్గా, పక్క కుట్లకూ వెనక నడుమ కుట్టుకూ మాత్రమే తగిలించి ముందు ఒక హుక్కు. కోటు బరువు సగం నడుము మోస్తుంది, భుజాలకు తేలికవుతుంది. నీ బొమ్మకు 1 సెంటీమీటరు వెడల్పు రిబ్బను చాలు. లైనింగ్ వెయ్యకముందే పెట్టు. వైవాలో లోపల తిప్పి చూపించాల్సింది దీన్నే.

గుడ్డ లెక్క. కొలతలు సగమైతే విస్తీర్ణం సగం కాదు, పావు. రెండూ ముక్కాలు మీటర్లకు పావంటే 70 సెంటీమీటర్లు. ఒక చెయ్యి చెడినా మళ్ళా కోసుకునేట్టు మీటరు తెచ్చుకో. లైనింగ్ కూడా అంతే.

లెక్కకు రానిది ఒకటుంది. కొలతలు సగం చేస్తావు గానీ బట్ట మందం సగం కాదు. కోటు ఉన్ని చదరపు మీటరుకు 400 గ్రాముల పైనే ఉంటుంది. దాన్ని సగం సైజు బొమ్మకు కుడితే అట్టపెట్టె తొడిగినట్టు ఉంటుంది, చేతులు బొమ్మకు దూరంగా నిలబడతాయి. 200 నుంచి 250 గ్రాముల సన్న ఉన్ని తీసుకో, శాలువా గుడ్డో సూటింగ్ ఫ్లానెలో. కుట్టు మార్జిన్ మాత్రం సగం చెయ్యొద్దు, 1 సెంటీమీటరు ఉంచి కుట్టినాక 5 మిల్లీమీటర్లకు కత్తిరించు. మెషీన్ కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లు, సూది 12 నంబరు. ఫుల్ సైజుకు 28 మిల్లీమీటర్ల బొత్తాం అనుకుంటే దీనికి 14.

ఇస్త్రీ జాగ్రత్త. నేరుగా పెడితే మెరుపు వస్తుంది, ఆ మెరుపు అంత తేలిగ్గా పోదు. పల్చని కాటన్ గుడ్డ తడిపి పిండి పైన పరిచి, పెట్టెను ఎత్తి ఎత్తి అదమాల, రుద్దకూడదు. అదిమినాక చల్లారేదాకా కదిలించొద్దు. ఉన్నికి ఆకారం కుదిరేది వేడి మీద కాదు, చల్లారేటప్పుడు. కుట్టు విప్పి అదిమేటప్పుడు మార్జిన్ కింద కాగితం పట్టీ పెట్టు, లేకుంటే పైకి గీతలు తేలతాయి.

బొత్తాంపెట్టె, రాయదుర్గం

శానా థ్యాంక్స్ అన్నా. వి అంచు సాగిందంటారా, కొలిచి చూస్తే నిజంగానే ఒక పక్క 15.4, ఇంకో పక్క 15.6 వచ్చింది, ప్యాటర్న్‌లో 15. కంబళి సంగతి ఎవరైనా చెప్పండి. పసుపు రంగు కూడా. ఆ కోటు పసుపు ఎట్లాంటి పసుపు?

గొర్రెతోక, కళ్యాణదుర్గం

కంబళి సంగతి నేను చెప్తా. కోటుకు వద్దు.

కురుబోళ్ళు నేసే కంబళి దక్కనీ గొర్రె ఉన్ని. అది ముతక, ఒంటికి గుచ్చుకుంటుంది, నల్లగా ఉంటుంది. నలుపు గొర్రెకు పుట్టుకతో వచ్చిన రంగు, దాని మీద పసుపు ఎక్కదు. నెల్లూరు గొర్రెను చూసి దీనికీ ఉన్ని తీయొచ్చు గదా అంటారు కొందరు, దానికి ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. మందల్లో ఆ జాతి పెరిగేకొద్దీ కంబళికి ఉన్ని తగ్గిపోతాంది, అది వేరే కత.

ఇంకో సంగతి, పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. కొత్త కంబళి అట్టలా బిర్రుగా ఉండేది దానివల్లే. దాన్ని అట్లే కోసి కుట్టినావంటే సూది వేడెక్కి దారం తెగుతుంది, ఆవిరి తగిలితే గంజి జిగురై ఇస్త్రీ పెట్టెకు అంటుకుంటుంది. వాడాలంటే ముందు రాత్రంతా చల్లనీళ్ళలో నానేసి, కుంకుడు రసంతో నెమ్మదిగా అదిమి కడగాల. మూడు నాలుగు నీళ్ళు మార్చాల, నీళ్ళలో జారుడు పోయేదాకా. పిండొద్దు, రుద్దొద్దు, వేణ్ణీళ్ళు అసలే వద్దు, ముద్ద కట్టేస్తుంది. నీడలో పరిచి ఆరబెట్టు.

అయితే ప్రాజెక్టుకు పనికొస్తుంది. 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు రెండు తీసుకో, ఒకటి కంబళి, ఒకటి నువ్వు కొనే సన్న ఉన్ని. రెంటినీ తడిపి ఆవిరి పట్టి మళ్ళా కొలువు. 9.7 వస్తే నూటికి మూడు కుదించుకున్నట్టు. కోటు గుడ్డకు ఈ పరీక్ష ఎట్లయినా చెయ్యాల్సిందే, కోయకముందే గుడ్డంతా తడి దుప్పట్లో చుట్టి రాత్రి ఉంచి, పొద్దున నీడలో పరిచి ఆరబెట్టుకోవాల. ఆ రెండు ముక్కలూ ఒక పేజీకి అతికించు. పోటీ పెట్టిందే ఉన్నివాళ్ళు గదా, మన ఉన్నికీ మెరీనో జాతి గొర్రె సన్న ఉన్నికీ తేడా చేత్తో తాకి చూస్తారు.

రంగు. డాఫొడిల్ పువ్వు పసుపు అంటారు దాన్ని. మనకు తంగేడు పువ్వు అనుకో, ఇంకొంచెం నిమ్మ వైపు. వంట పసుపుతో వేస్తే ఎండకు నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది. తెల్ల ఉన్ని తెచ్చి ఆసిడ్ డై (ఉన్నికి వేసే రసాయన రంగు) వెయ్యి. 100 గ్రాముల గుడ్డకు 1 గ్రాము రంగు, 4 లీటర్ల నీళ్ళు, 50 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్. గోరువెచ్చని నీళ్ళలో తడి గుడ్డ వేసి, నలభై నిమిషాల మీద మరుగు దగ్గరికి తీసుకురా, తెర్లనీయొద్దు. అరగంట ఉంచి అదే నీళ్ళలో చల్లారనీ. వేడిలోంచి తీసి చల్లనీళ్ళలో వేస్తే ముద్దకడుతుంది. గరిటెతో తిప్పకుండా ఉంటే మచ్చలు, ఎక్కువ తిప్పితే ముద్ద. రెండు నిమిషాలకోసారి గుడ్డను కింద మీద చేస్తే చాలు. దీనికి వాడిన గిన్నె మళ్ళా వంటకు వాడొద్దు.

పడుగుపేక, కడప

పన్నెండు పేజీల్లో ఒకటి ఇంకో జర్మన్ డిజైనర్ జిల్ సాండర్‌కు కేటాయించమని నా సలహా. అదే ఉత్తర జర్మనీ, పూర్తిగా వేరే దారి.

1943లో వెసెల్‌బురెన్‌లో పుట్టింది. క్రెఫెల్డ్‌లో టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదివింది. క్రెఫెల్డ్ అంటే జర్మనీలో పట్టు, వెల్వెట్ నేతకు పేరున్న ఊరు, మనకు ధర్మవరం ఎట్లాగో అట్లా. కొంతకాలం అమెరికాలో చదివి, స్త్రీల పత్రికల్లో పనిచేసి, 1968లో హాంబర్గ్‌లో సొంత దుకాణం తెరిచింది. 1973లో సొంత కలెక్షన్. లాగర్‌ఫెల్డ్ బొమ్మ నుంచి బట్టకు వచ్చాడు, ఆమె బట్ట నుంచి బొమ్మకు వచ్చింది. ఆమె కోట్లలో అలంకారం ఉండదు, బట్ట నాణ్యత, కుట్టు చోటు, భుజం గీత, అంతే. ఇంకో తేడా కూడా రాయండి. లాగర్‌ఫెల్డ్ ఏళ్ళ తరబడి ఇతరుల పేర్ల మీద పనిచేశాడు, సొంత పేరుతో సంస్థ 1984లో గానీ రాలేదు. జిల్ సాండర్ మొదటి రోజు నుంచీ తన పేరే పెట్టింది, 1999లో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాదాకు 75 శాతం వాటా అమ్మాక 2000లో ఆ పేరున్న సంస్థలోంచే బయటికి రావాల్సి వచ్చింది.

కచ్చాకుట్టు గారి మాటకు ఒక చిన్న సవరణ. నాడా కొత్తది కొంటే ముందు నీళ్ళలో వేసి ఆరబెట్టి వాడాలి. కాటన్ నాడా కూడా కుదించుకుంటుంది. 14.7 కొలిచి కుట్టాక ఆవిరి ఇస్త్రీలో అది 14.4 అయితే వి అంచు ఈసారి లోపలికి ముడుచుకుంటుంది. నాడాకు బదులు లైనింగ్ గుడ్డ నేత అంచును సన్నగా చీల్చి వాడితే ఇంకా మేలు, పల్చగా ఉంటుంది, సాగదు.

కచ్చాకుట్టు, అనంతపురం

ఆ మాట నిజమే, నాడా తడిపి ఆరబెట్టాల, రాయడం మరిచినా. నేత అంచు సగం సైజుకు సరిగ్గా సరిపోతుంది.

బొత్తాంపెట్టె, రాయదుర్గం

ప్యాటర్న్ మార్చి రెండో ట్రయల్ కుట్టినా. భుజాలు నిలిచినాయి, వి అంచు వీపుకు ఆనింది. ఇప్పుడు వి మొన కింద, నడుమ కుట్టు మొదలయ్యే చోట చిన్న గుంట పడి గుడ్డ ఉబ్బుతాంది. ఎందుకు?

కచ్చాకుట్టు, అనంతపురం

నడుమ కుట్టును గుర్తు దాటి పైకి కుట్టినావు. ఒక్క కుట్టు ఎక్కువైనా వి అంచు లోపలికి తిప్పే పట్టీ (ఫేసింగ్) తిరగదు, గుంట పడుతుంది. మొన దగ్గర రెండు కుట్లు విప్పి, సూదితో గుర్తు సరిగ్గా చూసుకోని చేత్తో ముడెయ్యి. పట్టీ కుట్టు కూడా అదే గుర్తు దగ్గర ఆగాల, ఒక్క పోగు ఇవతల అయినా పర్లేదు గానీ అవతల కాకూడదు. అప్పటికీ ఉబ్బితే లోపలి మార్జిన్ మొన దగ్గర గుత్తంగా ఉన్నట్టు, ఒకదాన్ని 5 మిల్లీమీటర్లు, ఇంకోదాన్ని 3 మిల్లీమీటర్లకు మెట్లుగా కత్తిరించి అదుము. ఉన్ని మీదికి పోయేముందు కోరా మీదే ఇంకోసారి కుట్టి చూడు.